పాలలో లేజర్ వేస్తే వెనక్కొచ్చే వెలుగు రెట్టింపు ఎందుకవ్వాలి, మీకు 1.3 దగ్గరే ఎందుకు ఆగింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజు సెల్‌లో పాలు పోసి, 633 నానోమీటర్ల ఎర్ర హీలియం నియాన్ లేజర్ దాని మీద వేసి, మధ్యలో బీమ్ స్ప్లిటర్ (కాంతిని రెండుగా విడగొట్టే గాజు) పెట్టి, వచ్చిన దారినే తిరిగొచ్చే కాంతిని కెమెరాతో చూశారు. చుట్టూ ఉన్న వెలుగు కన్నా సరిగ్గా మధ్యలో రెట్టింపు ఉండాలని పుస్తకంలో ఉంది, మీకేమో 1.3 దాటట్లేదు. దాంతోపాటు ఇంకో అనుమానం కూడా రాశారు, పాలలో కొవ్వు బొట్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, పైగా కదులుతూనే ఉంటాయి, అంత గందరగోళంలో ఇంటర్‌ఫియరెన్స్, అంటే తరంగాలు కలిసి ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గడం, ఎలా మిగులుతుంది, సగటు తీస్తే కొట్టుకుపోవాలి కదా అని. ముందు ఈ రెండోదానికే జవాబు చెప్తాను, ఎందుకంటే అది మనసుకి పట్టిందంటే 1.3 ఎందుకొచ్చిందో సగం మీకే తెలిసిపోతుంది.

ముందుగా ఒక్క కణం సంగతి. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న కణమైతే రేలీ లెక్క ప్రకారం ముందుకి ఎంత చెదురుతుందో వెనక్కీ అంతే చెదురుతుంది. కణం తరంగదైర్ఘ్యంతో సమానంగానో ఇంకా పెద్దగానో ఉంటే, 1908లో గుస్టావ్ మీ అనే ఆయన గోళాలకి కట్టిన లెక్క వాడాలి, దాని ప్రకారం కాంతిలో ఎక్కువ భాగం ముందుకే పోతుంది, వెనక్కొచ్చేది చాలా కొంచెం. పాలలో కొవ్వు బొట్లు ఎక్కువగా మైక్రాన్ నుంచి కొన్ని మైక్రాన్ల సైజులో ఉంటాయి కాబట్టి అవి రెండో రకం. అంటే మీ కెమెరాలో పడుతున్న కాంతిలో ఒక్క బొట్టుని తాకి తిరిగొచ్చింది చాలా తక్కువ, పదులు వందల బొట్ల మధ్య తిరిగి తిరిగి బయటపడిందే ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు అలాంటి ఒక దారిని ఊహించుకోండి. కాంతి పాలలోకి వెళ్ళి మొదట ఒక బొట్టుని తాకింది, అక్కడి నుంచి ఇంకోటి, ఇంకోటి, అలా యాభై బొట్లు తిరిగి ఆఖరి బొట్టు నుంచి బయటికొచ్చింది. ఆ దారి పొడవు ఎంతో మనకి తెలీదు, పక్క దారి పొడవుతో దానికి ఏ సంబంధమూ లేదు, కాబట్టి పక్కపక్క దారుల మధ్య ఇంటర్‌ఫియరెన్స్ సగటులో పోతుందని మీరన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ అదే లేజర్ వెలుగు ఆ ఆఖరి బొట్టు మీద కూడా పడుతోంది కదా, అక్కడ మొదలై అవే యాభై బొట్లని వెనక వరసలో తాకుతూ మొదటి బొట్టు దగ్గర బయటికొచ్చే దారి కూడా ఉంటుంది. పోయే దారీ వచ్చే దారీ ఒకటే అయినప్పుడు దూరం ఒకటే. బొట్లు ఎలా చెల్లాచెదురుగా ఉన్నా సరే ఈ రెండింటికీ మధ్యలో తిరిగిన పొడవు అక్షరాలా సమానం, మధ్యలో పోగైన ఫేజ్ సమానం, బలమూ సమానమే. గందరగోళం ప్రతి దారినీ మార్చేస్తుంది, కానీ ఆ దారిని, దాని జంటని ఒకేలా మారుస్తుంది.

మరి బొట్లు కదులుతుంటాయి కదా అంటే, కాంతి పాలలో పది సెంటీమీటర్లు తిరిగినా దానికి పట్టేది నానోసెకను కన్నా తక్కువ. అంత టైములో ఏ బొట్టూ కదిలినట్టు లెక్కే కాదు. ముందుకెళ్ళే తరంగానికీ వెనక వరసలో వెళ్ళే తరంగానికీ కనబడే బొట్ల అమరిక ఒక్కటే. మరుక్షణం అమరిక మారుతుంది, అప్పుడు కొత్త దారులు, వాటికి కొత్త జంటలు.

ఇప్పుడు ఈ జంటని బయటి నుంచి చూడండి. ఒక తరంగం మొదటి బొట్టు దగ్గర బయటికొస్తోంది, ఇంకోటి ఆఖరి బొట్టు దగ్గర, రెండూ ఒకే ఫేజ్‌లో. ఇది యంగ్ రెండు చీలికల ప్రయోగం తప్ప ఇంకేం కాదు, చీలికల మధ్య దూరం ఆ రెండు బొట్ల మధ్య అడ్డంగా ఉన్న దూరం. ఒక్కో జంట ఒక్కో చారల నమూనా వేస్తుంది, దగ్గరి జంటలవి వెడల్పు చారలు, దూరం జంటలవి సన్న చారలు, కొన్ని నిలువుగా కొన్ని వాలుగా. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎక్కడబడితే అక్కడ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, ఒక్క చోట తప్ప. సరిగ్గా వెనక్కొచ్చే దిక్కులో ప్రతి నమూనాకీ నడిమి వెలుగు చారే ఉంటుంది, అది ఏ జంటకైనా అంతే. అక్కడ మాత్రం అన్నీ కలిసి నిలబడతాయి. రెండు సమానమైన తరంగాలు ఒకే ఫేజ్‌లో కలిస్తే తీవ్రత నాలుగు, విడివిడిగా కలిపితే రెండు, అందుకే రెట్టింపు అంటారు. ఆ 2 అన్న అంకె ఏ పదార్థం లక్షణమూ కాదు, జంటలు పూర్తిగా ఉన్నాయా లేదా అన్నదానికి కొలత అది. మీకు 1.3 వచ్చిందంటే చాలా జంటలు ఎక్కడో తెగిపోతున్నాయి, లేదా జంట లేని వెలుగేదో వచ్చి కలుస్తోంది, లేదా మీ కెమెరా ఆ మొనని చూడలేకపోతోంది. వెతకాల్సింది ఈ మూడే.

నా అనుమానమైతే ముందు మూడోదాని మీదే. మధ్యలో మొనలా లేచే ఆ వెలుగుని కోన్ అంటారు, దాని వెడల్పుకి ఒక మంచి అంచనా ఉంది, 0.7ని తరంగ సంఖ్యతోనూ (2πని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది) ట్రాన్స్‌పోర్ట్ మీన్ ఫ్రీ పాత్‌తోనూ భాగిస్తే సగం ఎత్తు దగ్గర వెడల్పు రేడియన్లలో వస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ మీన్ ఫ్రీ పాత్ అంటే కాంతి తను మొదట ఏ దిక్కున వచ్చిందో మర్చిపోవడానికి పట్టే సగటు దూరం, కణాలు ముందుకే ఎక్కువ చెదరగొట్టేవైతే ఇది ఒక బొట్టుకీ ఇంకో బొట్టుకీ మధ్య దూరం కన్నా చాలా పొడుగు. మీ లేజర్‌కి తరంగ సంఖ్య మైక్రాన్‌కి దాదాపు 9.9. టైటానియం డయాక్సైడ్ పొడి నొక్కి పెట్టారనుకోండి, ఈ దూరం ఒక మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది, కోన్ నాలుగు డిగ్రీలు వస్తుంది, కళ్ళు మూసుకుని కొలవొచ్చు. పది మైక్రాన్లయితే 0.4 డిగ్రీలు. మరి వెన్న తీయని పాలలో ఈ దూరం అర మిల్లీమీటర్ అటూఇటూ ఉంటుంది, ఆ లెక్కన కోన్ వెడల్పు 0.14 మిల్లీరేడియన్లు, డిగ్రీలో వందో వంతు కూడా లేదు. మీరు బీమ్‌ని పెద్దది చేసినట్టు ఎక్కడా రాయలేదు, లేజర్‌లో నుంచి వచ్చిన ఒక మిల్లీమీటర్ బీమ్‌నే వాడుంటే అది తనంతట తాను దాదాపు 0.8 మిల్లీరేడియన్లు విచ్చుకుంటుంది. సూదిమొన మందాన్ని గడపారతో కొలిచినట్టు. 1.3 అయినా కనబడిందంటే కోన్ పక్కల రెక్కలు పొడుగ్గా సాగి ఉంటాయి కాబట్టే.

ఇదే విషయాన్ని దారుల వైపు నుంచి కూడా చూడొచ్చు, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. బీమ్ మధ్యలో లోపలికెళ్ళిన కాంతి పాలలో తిరిగి ఒక మిల్లీమీటర్ పక్కన బయటికొచ్చింది. ఆ చోట లేజర్ వెలుగు పడట్లేదు. వెలుగు పడని చోట నుంచి వెనక దారి ఎలా మొదలవుతుంది? జంట తెగిపోయింది. అందుకే బీమ్‌ని కనీసం పది మిల్లీమీటర్లకి పెద్దది చేయండి, రెండు లెన్సుల టెలిస్కోప్ చాలు, చివర్లో షియర్ ప్లేట్‌తో సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. కెమెరాని లెన్సుకి సరిగ్గా ఫోకల్ దూరంలో పెట్టాలి, అప్పుడే సెన్సర్ మీద ఒక్కో చోటు ఒక్కో కోణం అవుతుంది. 200 మిల్లీమీటర్ల లెన్స్, ఐదు మైక్రాన్ల పిక్సెల్ అయితే పిక్సెల్‌కి 0.025 మిల్లీరేడియన్లు, అంటే మీ పాల కోన్ మొత్తం ఐదారు పిక్సెల్‌లే. ఇంకా పొడుగు లెన్స్ ఉంటే అదే వాడండి. ఫోకస్ సరిచూసుకోవడానికి సెల్ చోట అద్దం పెట్టి చుక్క అతి చిన్నగా అయ్యేదాకా కెమెరాని జరపండి, ఆ చుక్క సైజే మీ సెటప్ చూడగలిగిన అతి చిన్న కోణం, దాన్ని రాసి పెట్టుకోండి.

జంట లేని వెలుగు సంగతికి వస్తే, మొదటి దొంగ సెల్ గాజు. గాజు ముఖం నుంచి వచ్చే ప్రతిబింబం సెల్ నిటారుగా ఉంటే సరిగ్గా కోన్ ఉన్న చోటే పడుతుంది, దాన్ని చూసి కోన్ అనుకున్నవాళ్ళు ఉన్నారు. సెల్‌ని రెండు మూడు డిగ్రీలు వంచండి, ప్రతిబింబం పక్కకి పోతుంది, కోన్ మాత్రం కదలదు. ఏది నిజమైన కోనో తేల్చుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. రెండోది ఒకే ఒక్క కణాన్ని తాకి వచ్చిన కాంతి. ఆ దారికి మొదటి కణం, ఆఖరి కణం ఒకటే, తిరగేసినా అదే దారి, కాబట్టి దానికి జంటంటూ లేదు, కింద నేపథ్యంలో కలుస్తుంది తప్ప కోన్‌కి ఏమీ ఇవ్వదు. పాలలో ఇది తక్కువే అయినా చిన్న కణాల శాంపిల్‌లో చాలా ఉంటుంది. దీనికి మందు వృత్తాకార ధ్రువణం, అంటే కాంతి విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతూ సాగేలా చేయడం. బీమ్ స్ప్లిటర్‌కీ సెల్‌కీ మధ్యలో ఒక పోలరైజర్, దాని తర్వాత 45 డిగ్రీలు తిప్పిన క్వార్టర్ వేవ్ ప్లేట్ పెట్టండి. అద్దం లాంటి ప్రతిబింబమైనా, గోళాకార కణం నుంచి ఒక్క దెబ్బతో సరిగ్గా వెనక్కొచ్చిన కాంతైనా హెలిసిటీ (సాగే దిక్కుతో పోలిస్తే ఆ క్షేత్రం తిరిగే వైపు) తిరగబడి వస్తుంది, దాన్ని అదే పోలరైజర్ ఆపేస్తుంది. హెలిసిటీ మారకుండా వచ్చేది చాలాసార్లు చెదిరిన కాంతి, ఆ ఛానల్‌లో, అంటే ఆ ధ్రువణాల కలయికలో, జంటల ఫేజ్ సమానత్వం కూడా ఖచ్చితంగా నిలబడుతుంది. లీనియర్ పోలరైజర్లు రెండు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి కొలిచారా, అక్కడ రెండు దారులూ ధ్రువణాన్ని ఒకేలా తిప్పాలన్న రూలేమీ లేదు, కోన్ బాగా పొట్టిగా వస్తుంది. మీరు ఏ ఛానల్‌లో కొలిచారో రాయలేదు, అది కూడా చెప్పండి.

మూడో దొంగ దగ్గర నేను స్వయంగా మూడు వారాలు పోగొట్టుకున్నాను. తెల్ల పిగ్మెంట్ పొడి మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి, బీమ్ పెద్దదే, ధ్రువణం సరే, కోన్ ఆకారం కూడా చక్కగా మొన తేలి వస్తోంది, ఎత్తు మాత్రం 1.75 దగ్గర ఆగిపోయింది. శాంపిల్ మార్చాను, లెన్స్ మార్చాను, లాభం లేదు. చివరికి ఒక సాయంత్రం శాంపిల్ తీసేసి, లేజర్ ఆపకుండా కెమెరా చూస్తే స్క్రీన్ నల్లగా లేదు, మసక మసకగా వెలుగుంది. బీమ్ స్ప్లిటర్‌లో శాంపిల్ వైపు పోని సగం కాంతి నేరుగా వెళ్ళి నేను అడ్డం పెట్టిన నల్ల అట్ట మీద పడుతోంది, అది కంటికి నల్లగానే ఉంటుంది గానీ దాని నుంచి చెదిరిన కాంతి తిరిగొచ్చి బీమ్ స్ప్లిటర్ మీద పడి కెమెరాలోకే వస్తోంది. లెక్కేస్తే శాంపిల్ ఇచ్చే మామూలు వెలుగులో మూడో వంతు. పైనా కిందా 0.33 కలిపి చూడండి, 2.33ని 1.33తో భాగిస్తే 1.75 సరిగ్గా వస్తుంది. అట్ట తీసి వాలుగా నల్ల గాజు పెట్టాను, ఆ రోజే 1.9 దాటింది. అప్పటి నుంచి ఖాళీ సెటప్ ఫోటో తీసి తీసివేయకుండా ఒక్క అంకె కూడా నమ్మను. మీరూ శాంపిల్ తీసేసి ఒకసారి చూడండి, పాలకి ఇది ఇంకా ముఖ్యం.

నేపథ్యం ఎక్కడ కొలుస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. కోన్ రెక్కలు చాలా దూరం సాగుతాయని పైన అన్నాను కదా, కోన్ వెడల్పుకి రెండింతల దూరంలో నేపథ్యం అనుకుని గీత గీస్తే అక్కడ ఇంకా కోన్ వెలుగే ఉంటుంది, భాగహారంలో కింది అంకె పెరిగిపోయి జవాబు తగ్గిపోతుంది. కనీసం పదింతలు దూరం వెళ్ళండి.

ఇక స్పెకిల్, అంటే లేజర్ వెలుగులో కనబడే చుక్కచుక్కల మచ్చలు. పాలకి మీకు ఈ బాధ లేదు, బొట్లు వాటంతటవే కదులుతుంటాయి కాబట్టి ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే సగటు అయిపోతుంది, మీరు భయపడిన ఆ కదలికే మీకు మేలు చేస్తోంది. కానీ రేపు గట్టి శాంపిల్, కాగితమో టెఫ్లానో పెడితే కదలిక ఉండదు, స్క్రీన్ నిండా రవ్వలు చల్లినట్టు ముదురు లేత చుక్కలు, వాటిలో కోన్ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. చిన్న మోటర్‌కి శాంపిల్ తగిలించి తిప్పాలి. మొదటిసారి అది చూసినప్పటి సంగతి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, మోటర్ ఆన్ చేయగానే రవ్వలన్నీ ఉడుకుతున్నట్టు మరిగి, ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, చదునైన వెలుగు పరుచుకుంది, దాని మధ్యలో నుంచి ఒక్క గుండ్రటి చుక్క మాత్రం కరగకుండా అలాగే నిలబడింది. ఎంతసేపు సగటు తీస్తే అంత స్పష్టంగా అవుతుంది, తగ్గదు. సగటులో పోవాలి కదా అన్న మీ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నేను మాటల్లో చెప్పలేను, ఒక్కసారి మీ చేత్తో చేసి చూడండి.

మీకు 2 రాలేదని బాధపడొద్దు, మొదట కొలిచినవాళ్ళకీ రాలేదు. 1984లో కూగా, ఇషిమారు నీళ్ళలో లేటెక్స్ గోళాలు కలిపి వెనక దిక్కులో ఈ మెరుపు పట్టుకున్నారు, మరుసటి ఏడు వాన్ ఆల్బడా, లాగెండైక్ ఒకపక్క, వుల్ఫ్, మారె ఇంకోపక్క విడివిడిగా కొలిచి ఇది జంట దారుల ఇంటర్‌ఫియరెన్సే అని తేల్చారు, వాళ్ళ కోన్‌లు కూడా 2 కన్నా పొట్టివే. 1995కి గానీ పూర్తి 2 చేతికి రాలేదు. అదే కొలతలో ఇంకో సంగతి కూడా బయటపడింది, కాంతిని విపరీతంగా చెదరగొట్టే పొడుల్లో ఎంత శుద్ధంగా కొలిచినా 2కి కాస్త తగ్గుతుంది. ఎందుకంటే అక్కడ కాంతి తిరిగి తిరిగి మొదలైన కణం దగ్గరికే వచ్చి బయటపడే దారులు ఎక్కువ, వాటికి ఒక్క దెబ్బ కాంతి లాగే కోన్‌లో వాటా లేదు. మీ పాలలో ఇది లెక్కలోకి రాదు, దీని మీదకి నెపం నెట్టకండి.

జంటలు నిజంగా తెగే సందర్భాలు వేరే ఉన్నాయి, అవి చూస్తే ఈ వివరణ మీద నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఫారడే భ్రమణం ఉన్న పదార్థం పెడితే, ముందుకెళ్ళే కాంతీ వెనక వరసలో వచ్చే కాంతీ వేర్వేరు ఫేజ్ పోగేసుకుంటాయి, కోన్ కరిగిపోతుంది, 1990ల్లో దీన్ని ప్రయోగంలో చూశారు. 1999లో చల్లబరిచిన రుబీడియం పరమాణువుల మబ్బు మీద కొలిస్తే కోన్ చాలా పొట్టిగా వచ్చింది, ఆ పరమాణువుకి లోపల ఉన్న స్థితులు మారిపోయి రెండు దారులూ సమానంగా ఉండవు, తర్వాత అలాంటి గొడవ లేని స్ట్రాన్షియంతో చేస్తే 2కి దగ్గరగా వచ్చింది. శోషణ మాత్రం వేరు. పాలలో రంగు కలిపారనుకోండి, రెండు దారులనీ ఒకేలా బలహీనం చేస్తుంది కాబట్టి జంట తెగదు, కాకపోతే పొడుగు దారులు చచ్చిపోతాయి. కోన్ కొసన మొన తేలేది ఆ పొడుగు దారుల వల్లే, అవి పోతే కొస గుండ్రంగా అవుతుంది. పల్చటి సెల్‌లో కూడా ఇదే జరుగుతుంది, పొడుగు దారులు వెనక గాజులో నుంచి బయటికి పారిపోతాయి. మీ సెల్ కనీసం ఒక సెంటీమీటర్ మందం ఉండేలా చూసుకోండి.

చంద్రుడి గురించి కూడా ఒక ముక్క అడిగారు, పౌర్ణమి చంద్రుడు అంత వెలగడానికి ఇదే కారణమా అని. కొంతవరకే. పౌర్ణమి చంద్రుడు సగం చంద్రుడికి రెండింతలు కాదు, దాదాపు పది రెట్లు పైనే వెలుగిస్తాడు. అందులో పెద్ద వాటా నీడలది, సూర్యుడు మన వెనకే ఉన్నప్పుడు రాళ్ళూ రేణువులూ తమ నీడలని తామే దాచేస్తాయి, శని వలయాల మెరుపుకి 1887లో జీలిగర్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పింది ఇదే. కానీ కోణం సున్నాకి దగ్గర పడేకొద్దీ వచ్చే ఆఖరి మెరుపులో జంట దారుల వాటా కూడా ఉందని 1993లో అపోలో తెచ్చిన చంద్రుడి మట్టి మీద వృత్తాకార ధ్రువణంతో కొలిచి చూపించారు. గమనించండి, మీకు నేను పెట్టమన్న పోలరైజరూ క్వార్టర్ వేవ్ ప్లేటూ చేసే పని లాంటిదే అక్కడా చేశారు, నీడలకి హెలిసిటీతో పనిలేదు, జంట దారులకి ఉంది. బృహస్పతి మంచు చందమామలు యూరోపా, గానిమీడ్, కాలిస్టో మీదకి రాడార్ పంపితే తిరిగొచ్చే ప్రతిధ్వని హెలిసిటీ తిరగబడకుండానే ఎక్కువ రావడం కూడా దీనితోనే బాగా పొసుగుతుంది. విమానం నీడ చుట్టూ మబ్బు మీద కనబడే రంగుల వలయం, మంచు బొట్లు పట్టిన గడ్డి మీద మన తల నీడ చుట్టూ వచ్చే వెలుగు, ఈ రెండూ కూడా వెనక్కొచ్చే కాంతే గానీ వీటి కథ వేరు, మబ్బు మీది వలయం ఒక్కో నీటి బొట్టు లోపలే జరిగిపోతుంది, గడ్డి మీద ఒక్కో బొట్టు లెన్స్‌లా వెలుగుని ఆకు మీదకి చేర్చి వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది, వీటిని దీంతో కలపకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, పాలు పక్కన పెట్టి ముందు టైటానియం డయాక్సైడ్ పొడి గట్టిగా నొక్కి తిప్పుతూ కొలవండి, కోన్ డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి కోణం గొడవ ఉండదు, ఒక చిన్న సంగతి ఏంటంటే అంత వెడల్పు కోన్ 200 మిల్లీమీటర్ల లెన్సుకి సెన్సర్‌లో పట్టదు, అప్పటికి 25 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకోండి. అక్కడ 1.8 దాటిందంటే మీ ధ్రువణం, నేపథ్యం, దొంగ వెలుగు అన్నీ సర్దుకున్నట్టే. ఆ తర్వాత బీమ్ పెద్దది చేసి పాలకి రండి. కోన్ వెడల్పు నుంచి ట్రాన్స్‌పోర్ట్ మీన్ ఫ్రీ పాత్ తీసి, పాలలో సగానికి సగం నీళ్ళు కలిపి మళ్ళీ కొలవండి, ఆ దూరం సుమారు రెట్టింపై కోన్ సగానికి సన్నబడాలి. సన్నబడకుండా అదే వెడల్పు చూపిస్తుంటే మీరు కొలుస్తున్నది పాలని కాదు, మీ బీమ్‌ని. ఆ రెండు గ్రాఫులూ, శాంపిల్ లేకుండా తీసిన ఫోటో కూడా పెట్టండి, చూసి చెప్తాను.